ఢిల్లీ కళాశాలకు దారి పదవ తరగతి దగ్గరే మొదలు

పదవ తరగతి ఫలితాలు వెలువడిన వారం రోజులలోనే మన విచారణలలో చాలా ఇండ్లలో ఒక పెద్ద నిర్ణయం జరిగిపోతుంది. ఏ జూనియర్ కాలేజీ, హాస్టలు ఫీజు ఎంత, బస్సు ఉందా అని పెద్దలు మాట్లాడుకుంటారు. ఇంటర్ తరువాత ఏమి చదువుతావని బిడ్డను అడిగేవారు తక్కువ. మనిషి గమ్యాన్ని ముందుంచుకొని, దానికి చేర్చే సాధనాలను గూర్చి ఆలోచిస్తాడని అరిస్టాటిల్ బోధించాడు. మనం సాధనాన్ని ముందు కొని, గమ్యాన్ని తరువాత వెదకుతున్నాము.

దీనివలన కలిగే నష్టం ఒక ఉదాహరణతో తెలుస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బి.ఏ. ఆనర్స్ ఎకనామిక్స్‌కు దేశమంతటా పోటీ ఉంది. 2022కు ముందు అక్కడ ప్రవేశం చాలావరకు పన్నెండవ తరగతి మార్కులనుబట్టి ఉండేది. 2022 నుండి సి.యు.ఇ.టి. అనే ఉమ్మడి ప్రవేశ పరీక్షను బట్టి సీట్లిస్తున్నారు. ఎకనామిక్స్ కావాలంటే ఒక భాష, లెక్కలు, మరి రెండు విషయాలలో పరీక్ష వ్రాయాలి. అవి ఇంటర్‌లో చదివిన విషయాలే అయి ఉండాలి. కాబట్టి "ఫాదర్ గారూ, వాడికి లెక్కలంటే భయం, సి.ఇ.సి.లో వేశాం" అన్న తండ్రి తెలియకుండానే ఆ తలుపు మూసివేశాడన్నమాట. ఎం.ఇ.సి.లో చేర్చి ఉంటే అది తెరచే ఉండేది. పదిహేనేళ్ళ బిడ్డ భయం చాలాసార్లు లెక్కల మీద కాదు, చెప్పిన మాస్టారి మీద! చరిత్ర, రాజనీతి శాస్త్రం ఆనర్స్‌కు లెక్కలు అక్కరలేదు. నిజంగా ఆ వైపే మనసున్న బిడ్డను ఎం.పి.సి.లో కుక్కవద్దు.

ఇక పరీక్ష సంగతి. 2025 నియమాల ప్రకారం ఒక విద్యార్థి అయిదు విషయాల వరకు ఎంచుకోవచ్చు. ఒక్కొక్క దానికి 60 నిమిషాలు, 50 ప్రశ్నలు. సరైన జవాబుకు 5 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. ప్రశ్నలు ఎన్.సి.ఇ.ఆర్.టి. పన్నెండవ తరగతి పాఠాలనుండి వస్తాయి. మన ఇంటర్ బోర్డు పుస్తకాలు మాత్రమే చదివినవాడు అక్కడ తడబడతాడు. ఆ పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మొదటి సంవత్సరం నుండే పక్కన పెట్టుకొని చదవాలి. ఇంటర్ మార్కులను అశ్రద్ధ చేయరాదు. పరీక్షలో ఇద్దరికి సమాన మార్కులు వచ్చినప్పుడు వాటినే చూస్తారు.

అదే విశ్వవిద్యాలయంలో 1881లో స్థాపితమైన సెయింట్ స్టీఫెన్స్ కళాశాల ఉంది. అది ఆంగ్లికన్ సంప్రదాయానికి చెందినది, మన కతోలికులది కాదు. అయినా అక్కడ సగం సీట్లు క్రైస్తవ విద్యార్థులకు ఉన్నాయని మన కుటుంబాలలో ఎందరికి తెలుసు? విశ్వవిద్యాలయానికి పెట్టే దరఖాస్తు కాక, ఈ కళాశాలకు వేరుగా దరఖాస్తు పెట్టాలి. 2022లో ఢిల్లీ హైకోర్టు తీర్పు తరువాత ఇతరులకు పరీక్ష మార్కులే ఆధారం. క్రైస్తవులకు మాత్రం పరీక్షకు 85 శాతం, ఇంటర్వ్యూకు 15 శాతం విలువ ఇచ్చారు. ఆ పదిహేను శాతం కోచింగులో దొరకదు. ఏడాదిపాటు రోజూ ఒక ఇంగ్లీషు దినపత్రిక చదివి, చదివినదానిని అన్నం దగ్గర ఇంటివారికి తన మాటలలో చెప్పే బిడ్డకు దొరుకుతుంది. ఆదివారం పూజలో పఠనం చదవడానికి ముందుకు వచ్చే పిల్లలకు నలుగురి ఎదుట గొంతు వణకదు, నేను చూస్తూనే ఉన్నాను.

చివరికి కాగితాలు. మంచి మార్కులు వచ్చి కూడా ఇక్కడ నష్టపోయినవారున్నారు. ఎస్.సి. నుండి క్రైస్తవ మతం స్వీకరించిన కుటుంబాలు కేంద్ర జాబితాలో ఓ.బి.సి. క్రింద ఉన్నాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు రాష్ట్ర బి.సి.-సి పత్రం చాలదు, కేంద్ర నమూనాలో నాన్-క్రీమీలేయర్ పత్రం కావాలి. తహసీల్దారు కార్యాలయంలో అడిగేటప్పుడు ఈ మాట స్పష్టంగా చెప్పండి. ఒక దరఖాస్తులో క్రైస్తవుడని, మరొక దానిలో కాదని వ్రాయించవద్దు. అది అబద్ధం, పైగా పట్టుబడితే సీటుకే మోసం.

క్రైస్తవ కోటాకు జ్ఞానస్నాన పత్రం అడుగుతారు. మా రిజిస్టరులో "మరియమ్మ", పదవ తరగతి మెమోలో "లావణ్య" అని ఉన్న బిడ్డలు ప్రతి విచారణలో ఉన్నారు. రెండు పేర్లూ ఒకరివేనని ధ్రువపరచడానికి కొంత వ్యవధి పడుతుంది. జ్ఞానస్నానం వేరే విచారణలో జరిగి ఉంటే అక్కడికి వ్రాయాలి. అందుచేత దరఖాస్తు చివరి రోజు సాయంత్రం కాక, ఇంటర్ రెండవ సంవత్సరం క్రిస్మస్ సెలవులలోనే మెమో తీసుకొని మీ విచారణ గురువుల దగ్గరకు వెళ్ళండి.