గండికోట సందర్శనము

కారెంపూడి పేరు వినినంతనే పలనాటివారికి బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు కన్నులయెదుట నిలుతురు. 12వ శతాబ్దమున నాగులేటి యొడ్డున జరిగిన ఆ యుద్ధకథ 1947లోను, 1966లోను చలనచిత్రమై వెలువడినది. అచ్చట కథ తెర కెక్కినది. గండికోటలోనో, నేల తెర కెక్కినది. ఆ నేల వెనుక నున్న కథను తెలిసికొని చూచినవారికే యాత్రాఫలము దక్కును.

గండికోట వై.యస్.ఆర్. కడప జిల్లాలో, జమ్మలమడుగునకు పడమర సుమారు 15 కిలోమీటర్ల దూరమున కలదు. కర్ణాటకములోని నందికొండలలో పుట్టిన పెన్నానది ఎఱ్ఱమల కొండలను కోసికొని యిచ్చట లోతైన లోయలో సాగుచున్నది. కొండల నడుమ నది చేసిన త్రోవయే గండి. గండియొద్ద వెలసినది గనుక గండికోట యైనది. ఇది యెడారి కాదు. కాని వాన తక్కువ, ఎండ మెండు. వేసవిలో ఎఱ్ఱని బండలును ముండ్లపొదలును తప్ప పచ్చదనము అరుదు. నాపరాతి నేలలు ఎఱిగిన మీకు ఆ దృశ్యము పరాయిదిగా తోచదు.

కోట కట్టినవారు లోయనే అగడ్తగా చేసికొనిరి. ఉత్తరమున నిట్టనిలువు కొండచరియ శత్రువు నడ్డగించును. తక్కిన దిక్కుల ఎత్తైన రాతిప్రాకారము లేచినది. విజయనగర ప్రభువులకు సామంతులైన పెమ్మసాని నాయకులు దీనిని పాలించిరి. 17వ శతాబ్ది మధ్యమున గోలకొండ సేనాని మీర్ జుమ్లా దీనిని వశపఱచుకొనెను. 1652లో ఫ్రెంచి వజ్రవర్తకుడు తావెర్నియే ఇచ్చటికి వచ్చి ఆతనిని కలిసికొనెను.

కోటలో మాధవరాయ, రంగనాథ ఆలయములు, జుమ్మా మసీదు, చెఱసాల, విశాలమైన ధాన్యాగారము నేటికిని చూడవచ్చును. ధాన్యాగారమును కేవలము పెద్ద కట్టడముగా చూచి వెడలిపోకుడు. వాన కఱవైన సీమలో శత్రువు నెలల తరబడి ముట్టడించినచో కోటను నిలుపునది కత్తి యొక్కటే కాదు. దాచుకొన్న గింజయు, నిలువచేసికొన్న నీరును.

ఇట్టి చోటు చలనచిత్రకారుల నాకర్షించుట వింత కాదు. 2023లో కమల్ హాసన్ నటించిన 'భారతీయుడు 2' చిత్రములోని కొన్ని ఘట్టములను ఇచ్చట తీసిరి. ఇతరదేశములందును ఇట్లే జరుగుచున్నది. మొరాకోలో ఎడారిత్రోవ పక్కన ఐత్ బెన్ హద్దూ అను మట్టికోట గ్రామము కలదు. 1987లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. 2000లో వచ్చిన 'గ్లాడియేటర్' చిత్రములో అది రోమనుల కాలపు వేఱొక పట్టణముగా కనబడినది. తెర ఒక స్థలమునకు కీర్తి తెచ్చును. ఒక్కొక్కప్పుడు దాని సొంతపేరును మఱుగుపఱచును.

పేరు వ్యాపించినకొలది జనము పెరుగును. జనముతో ప్రమాదమును పెరుగును. గోడలమీద తమ పేర్లు చెక్కువారు, శిథిలములపై కెక్కి ఛాయాచిత్రములు తీసికొనువారు క్షణకాలపు సరదాకై శతాబ్దముల శ్రమను చెఱచుచున్నారు. పగిలిన శిల్పము మరల మొలవదు. గండికోట కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో నున్నది. 1958 నాటి చట్టమును 2010లో సవరించిన పిదప, రక్షిత కట్టడమును పాడుచేసినవారికి రెండేండ్లవఱకు చెఱ గాని, లక్ష రూపాయలవఱకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. అచ్చట చలనచిత్రము తీయుటకును ముందుగా అనుమతి పొందవలెను.

మఱియొక జాగ్రత్త. లోయయంచున ఛాయాచిత్రము కొఱకు వెనుక చూడక అడుగు వేయరాదు. బండ జాఱినచో పట్టుకొనుటకు ఆధారము లేదు.

ఇప్పుడు శ్రీశైలమునుండి కృష్ణాజలములు గాలేరు–నగరి కాలువద్వారా గండికోట జలాశయమునకు చేరుచున్నవి. సాగరు కుడికాలువలో మీ పొలములకు వచ్చునదియు ఆ కృష్ణమ్మ నీరే. ఒక నది నీటిని పంచుకొన్న రెండు సీమలవారు ఒకరి చరిత్రను ఒకరు తమదిగా భావించి కాపాడుట న్యాయము. గండికోటకు పోయినపుడు కారెంపూడి వీరులగుడియందు ఎట్లు మెలగుదురో అట్లే మెలగుడు.