ఆకుకూరలు – రక్తపుష్టి

మన యిండ్లలోని అవ్వలకు తోటకూర, గోంగూర, బచ్చలి, చుక్కకూర, మెంతికూర, గంగపాయలకూర, మునగాకు అను పేర్లు కంఠస్థములు. ముంబాయిలో పుట్టి పెరిగిన మనుమలలో పలువురకు ఆ పేర్లును తెలియవు, ఆ రుచులును తెలియవు. మొదటి నష్టము భాషకు సంబంధించినది. రెండవది దేహమునకు సంబంధించినది. ఈ పాఠమున ముఖ్యముగా రెండవదానిని గూర్చి తెలిసికొందము.

ఈ విషయమున మన నగరమునకే ఒక చరిత్ర కలదు. 1928 లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు నాటి బొంబాయికి వచ్చెను. బట్టలమిల్లులలో పనిచేయు స్త్రీలు గర్భవతులైనప్పుడు ప్రమాదకరమైన రక్తహీనతకు లోనగుచుండిరి. దానికి కారణము కనుగొనుటయే ఆమె పని. పండ్లు, కూరగాయలు మిక్కిలి కొఱతగానున్న ఆహారము తిను పేద స్త్రీలలో ఆ వ్యాధి హెచ్చుగానుండుట ఆమె గమనించెను. ఈస్టుసారము నిచ్చినచో రోగము కుదురుచున్నదని 1931 లో ప్రకటించెను. అందు మేలుచేయు పదార్థమేదో నాటికి ఎవరికిని తెలియదు.

1941 లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూరనుండి ఒక పదార్థమును వేఱుచేసి, దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. లాటిను భాషలో ‘ఫోలియం’ అనగా ఆకు. దానిని ప్రయోగశాలలో తయారుచేయు కార్యమునకు నాయకత్వము వహించినవాడు మన తెలుగువాడైన యెల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895 లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, అమెరికాకేగి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు అధిపతి యయ్యెను. ఆయన సోదరులిరువురు స్ప్రూ అను ప్రేగువ్యాధివలన చిన్నవయస్సుననే మరణించిరి. 1945 లో ఆయన బృందము తయారుచేసిన ఫోలిక్ ఆమ్లము ఆ స్ప్రూ వ్యాధి చికిత్సకును, బొంబాయి స్త్రీలను పీడించిన రక్తహీనతకును ఔషధమైనది.

ఆకునకును రక్తమునకును సంబంధమేమి? మన ఎముకల మజ్జలో సెకనుకు సుమారు 20 లక్షల ఎఱ్ఱ రక్తకణములు పుట్టుచుండును. క్రొత్త కణము పుట్టుటకు ఫోలిక్ ఆమ్లపు జాతి పదార్థము అవసరము. ఆ కణములోని ఎఱ్ఱని పదార్థమునకు ఇనుము అవసరము. ఆకుకూరలలో ఈ రెండును కలవు. కంటిచూపునకు కావలసిన ‘ఎ’ విటమినుగా మాఱు పదార్థమును వానియందు సమృద్ధిగా నున్నది.

ఇది గడచిపోయిన కథ కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, మన దేశమున 15 మొదలు 19 ఏండ్ల వయస్సుగల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత కలదు. అట్టి బాలిక మెట్లెక్కినంతనే అలసిపోవును. పాఠముపై మనస్సు నిలువదు. సోమరియని ఆమెను నిందించుటకు ముందు వైద్యునిచే పరీక్ష చేయింపవలెను. రక్తహీనతకు కారణములు పెక్కు గలవు గనుక, వైద్యుడిచ్చిన మాత్రలకు ఆకుకూర బదులు కాజాలదు; కాని అది నిత్యము తోడుగానుండదగినది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 లో చేసిన సూచన ప్రకారము, పండ్లు, కూరగాయలు కలిపి దినమునకు 6–9 ఏండ్ల పిల్లలు కనీసము 350 గ్రాములు, పదేండ్లు నిండినవారు కనీసము 400 గ్రాములు తినవలెను. ఖరీదైన పండ్లు కొనలేని కుటుంబములు చింతింప నక్కఱలేదు. జామపండులో ‘సి’ విటమిను నారింజలోకంటె హెచ్చు.

వండునపుడు పాటింపవలసిన నియమములు:

1. ఆకును ముందు కడిగి, తరువాత తరుగవలెను.
2. కొద్ది నీటితో, మూతపెట్టి, కొద్దిసేపే ఉడికింపవలెను. ఉడికిన నీటిని పాఱబోయరాదు. పప్పులోనో చారులోనో కలుపవలెను.
3. తినునపుడు నిమ్మరసము పిండుకొనినచో ఆకులోని ఇనుము దేహమునకు బాగుగా పట్టును.
4. భోజనముతోపాటు తేనీరు త్రాగరాదు. అది ఇనుమును దేహమునకు పట్టనీయదు.

ఇచటి బజారులో మన కూరలన్నియు లభించును. పేర్లు మాత్రమే వేఱు. గోంగూరను అంబాడి యనియు, మెంతికూరను మేథీ యనియు, చుక్కకూరను చుకా యనియు, గంగపాయలకూరను ఘోళ్ అనియు, మునగను శేవగా అనియు మరాఠీలో పిలుతురు.

విద్యార్థినీ విద్యార్థులారా! వచ్చు ఆదివారము అమ్మతోగాని అవ్వతోగాని బజారునకు వెళ్లుడు. వేపుడు పొట్లమునకు వెచ్చించు రూకలతో మీరెఱుగని ఆకుకూర నొకదానిని కొనుడు. దుకాణదారు నడిగి దాని మరాఠీ పేరును, అవ్వ నడిగి తెలుగు పేరును నేర్చుకొనుడు. పిదప ఇంటివారందఱితో కలిసి కూర్చుండి, దానిని తినుడు. వారమున కొక కూర చొప్పున ఇట్లు చేసినచో, వేసవి సెలవులనాటికి అవ్వ యెఱిగిన పేర్లన్నియు మీవియగును.