ప్లాస్టిక్ సౌరపలకలు: పంపు కొరకు ఆగవలెనా?

రఘునాథపల్లి ప్రాంతమున బోరుబావికి సౌరపంపు బిగించుకొనదలచిన రైతులు కొందరు నన్ను అడుగుచున్నారు: "సార్, గాజుపలక బరువు. చాపవలె చుట్టుకొనిపోగల ప్లాస్టిక్ పలకలు వచ్చునట గదా, ఆగమందురా?" ఒక ఏడు ఆగినచో యాసంగి మడి ఎండును. కనుక సంగతి వివరముగా తెలిసికొనుడు.

పలకపై పడిన ఎండలో ఎంత భాగము విద్యుత్తుగా మారునో అదియే దాని సామర్థ్యము. మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్లు. 5 హార్స్‌పవరు పంపుకు దాదాపు 5,000 వాట్ల పలకలు కావలెను. నూటికి 20 వంతులు మార్చు సిలికాన్ పలకలైనచో 25 చదరపు మీటర్లు చాలును. 10 వంతులే మార్చునవైనచో 50, అనగా అర గుంట స్థలము పోవును.

ప్లాస్టిక్ పలకలో వెలుతురు సోకగా పుట్టిన విద్యుత్కణముల జంట తనంతట విడిపోదు. మిల్లీమీటరులో లక్షవ వంతు దూరము పోవులోగా వేరొక పదార్థపు సరిహద్దు తగులనిచో నశించును. ఇసుక కాలువలో నీరు మడి చేరకమునుపే ఇంకినట్లే. అందుచే ఎలక్ట్రాను నిచ్చు పదార్థమును, పుచ్చుకొను పదార్థమును వేర్వేరు పొరలుగా గాక, కలిపి ఒకే పొరగా పోసిరి. 1995లో అమెరికాలో హీగర్ బృందము ఈ మార్గము చూపెను. (విద్యుత్తు ప్రవహించు ప్లాస్టిక్కులకై 2000లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమానము వచ్చినది.) ఆ పొరను తగు వేడిమిపై ఉంచి 2005 నాటికి నూటికి 4, 5 వంతులు సాధించిరి. 2019లో చైనాలో తయారైన వై-6 అను పదార్థముతో 15 దాటినది. ఇప్పుడు ప్రయోగశాలలలో 20 దరిదాపులకు వచ్చినది.

అయితే అవి గోరంత ముక్కలు. పలక పెద్దదైనకొలది సామర్థ్యము తగ్గును. గాలికి, తేమకు, ఎండకు త్వరగా పాడగును. సిలికాన్ పలకలకు 25 ఏండ్ల హామీ ఇచ్చుచున్నారు. నన్నడిగినచో, పంపు కొరకు ఆగవద్దు.

సామర్థ్యము కొంత మీ చేతిలోనే కలదు. పలకలను దక్షిణముఖముగా, సుమారు 18 డిగ్రీల వాలున నిలుపుడు. వేపకొమ్మ నీడ ఒక్క పలకపై పడినను వరుస అంతయు కుంటుపడును. పలక వేడి 25 డిగ్రీలు దాటిన పిదప ప్రతి డిగ్రీకి నూటికి సుమారు 0.4 వంతు శక్తి తగ్గును. అనగా 65 డిగ్రీల వద్ద 16 వంతులు పోవును. కనుక కొట్టపు రేకుకు అంటించి బిగింపక, క్రింద గాలియాడనిండు. వరికోతల దుమ్ము పడు రోజులలో ఉదయపు చల్లపూట మెత్తని గుడ్డతో కడుగుడు. మధ్యాహ్నము కాలిన గాజుపై చన్నీళ్లు పోసినచో పగులవచ్చును. బోరునీరు ఉప్పునీరైనచో మరకలు నిలుచును. కడిగిన వెంటనే తుడిచివేయుడు.