అందరూ మెచ్చిన నవల నాకెందుకు ఎక్కలేదు?

ప్రశ్న: మా అబ్బాయి పోరు పెడితే టోల్కీన్ రాసిన 'ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మొదలుపెట్టాను. వంద పేజీలు దాటాక ఇక చదవబుద్ధి కాలేదు. లోకమంతా మెచ్చిన నవల నాకు ఎక్కలేదంటే లోపం నాదేనా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: కాదమ్మా. 1954-55లో ఇది మూడు సంపుటాలుగా వచ్చింది. 1956లోనే అమెరికాలో పేరున్న విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ ఇది పిల్లల కథే హద్దు మీరి పెరిగిందన్న ధోరణిలో తీసిపారేశాడు. ఆయనకు చదవడం రాదని ఎవరూ అనలేరు.

టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీన ఆంగ్లం చెప్పిన ఆచార్యుడు. ముందు భాషలు కల్పించుకుని, ఆ భాషలు మాట్లాడే జనం కోసం లోకాన్ని కట్టాడు. అందుకే కథ కంటే ముందు హాబిట్లనే పొట్టి జనం ఆచారాలు, వాళ్ల పొగాకు ముచ్చట్లు వస్తాయి. హాబిట్ బిల్బో తన మాయ ఉంగరాన్ని వదిలి వెళ్లాక, దాని అసలు సంగతి అతని వారసుడు ఫ్రోడోకు తెలిసేసరికి 17 ఏళ్లు గడిచిపోతాయి. తీరా ప్రయాణం మొదలై, నల్లగుర్రాల రౌతులు వెంటపడి, మన గుండె దడదడలాడుతున్నప్పుడు టామ్ బాంబడిల్ అనే వింత మనిషి పాటలు పాడుతూ ఎదురవుతాడు. ఉంగరం అతన్ని ఏమీ చేయలేదు! ఆ లోకంలో కాపురం ఉండాలని వచ్చినవారికి ఈ మజిలీ పండగే. తర్వాత ఏమవుతుందోనని చూసే మీకు మాత్రం అప్పటిదాకా పోగైన భయం కాస్తా జారిపోతుంది.

నిడివి కంటే పెద్ద అడ్డంకి మరొకటి ఉందని నా నమ్మకం. నేటి నవలలో పాత్ర మనసు లోపలి ఘర్షణ వినడానికి అలవాటుపడ్డాం. టోల్కీన్ పాత ఇతిహాసాల పద్ధతిలో మనుషుల్ని ఎక్కువగా బయటినుంచే చూపిస్తాడు. కథలోని వీరుడు ఆరగార్న్ ఏం చేశాడో తెలుస్తుంది, లోలోపల ఎలా నలిగాడో చాలావరకు మనమే ఊహించుకోవాలి. అలా ఊహించుకోవడం ఇష్టమైనవాళ్లే ఈ నవలను పదేపదే చదువుతారు. పేరు ప్రఖ్యాతులు వాళ్ల ప్రేమ వల్ల వచ్చినవి. అంత ప్రేమ మీకూ కలగాలన్న నియమం లేదు.

ప్రశ్న: 'ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్' సినిమాలంటే ప్రాణం. పుస్తకం మాత్రం సాగదీసినట్టుంది. ఎందుకని?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: పీటర్ జాక్సన్ 2001లో తీసిన మొదటి భాగంలో బాంబడిల్ లేడు, ఆ 17 ఏళ్లూ గడిచినట్టే తెలియదు. రెండో సంపుటం మొదటి సగంలో ఫ్రోడో కనిపించనే కనిపించడు. సినిమాలోనైతే అతని దారినీ మిగతావాళ్ల దారినీ కలిపి అల్లారు. ఆ వేగం మనసులో పెట్టుకుని పుస్తకం తెరిచావు బాబూ.

ప్రశ్న: వదిలేసిన ఈ నవలను మళ్లీ పట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక గృహిణి, నెల్లూరు

జవాబు: ముందుమాటలు దాటేసి, మొదటి అధ్యాయం పైపైన చూసి, రెండోది నిదానంగా చదవండి. ఉంగరం చరిత్రను, ఒకప్పుడు అది చేతికి చిక్కిన గొల్లమ్ పతనాన్ని మాంత్రికుడు గాండాల్ఫ్ చెప్పేది అక్కడే. అదీ పట్టుకోకపోతే మొహమాటపడకుండా పక్కన పెట్టి, ఉర్సులా లె గ్విన్ 1968లో రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' తీసుకోండి. చిన్న పుస్తకం. గర్వం కొద్దీ తానే లోకంలోకి వదిలిన నీడ ఒక కుర్రవాణ్ని తరుముతుంది, కథంతా అతని వెంటే నడుస్తుంది.