మ్యానిఫెస్టోను ఆఫర్ లెటర్‌లా చదవండి

2025 జూన్‌లో, బడికెళ్లే పిల్లల తల్లులకిచ్చే తల్లికి వందనం డబ్బులు పడిన వారం అది. తిరుపతి బస్టాండు దగ్గర లాడ్జీలో గదులు శుభ్రం చేసే అక్క ఒకామె ఫోన్ నా చేతికిచ్చి మెసేజ్ చూడమంది. "ఇద్దురు బిడ్లకీ ముప్పై వేలన్నారు గదా సార్, ఇరవయ్యారే పడినాయి. నాలుగు వేలు ఎవురు తినేసినారు?"

ఎవరూ తినలేదు. ఒక్కో బిడ్డకు చెప్పిన 15,000లో 2,000 బడి నిర్వహణకు పట్టుకుని 13,000 ఖాతాలో వేశారు. అంతకుముందు ప్రభుత్వం కూడా 2022లో అమ్మ ఒడి నుంచి ఇలాగే రెండు వేలు పట్టుకుంది. జెండా మారింది, కోత మారలేదు.

ఉద్యోగం చేసేవాళ్లకు ఇది తెలియని లెక్క కాదు. ఆఫర్ లెటర్‌లో సీటీసీ ఒకటి, ఒకటో తారీఖున అకౌంట్లో పడేది ఇంకొకటి. శ్రీసిటీలోనో రేణిగుంటలోనో చేరేటప్పుడు పీఎఫ్‌కెంత, క్యాంటీన్‌కెంత, బస్సుకెంత అని తరచి తరచి అడుగుతాం. అయిదేళ్లకు ఒప్పుకునే కాగితాన్ని మాత్రం చదవకుండానే సరేనంటాం. 2029లో మళ్లీ మ్యానిఫెస్టోలు వస్తాయి. అందులో మీ ఇంటిని తాకే హామీలు మహా అయితే ఐదారు. రెండు పార్టీల కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, ఆ ఐదారింటినే ఈ ప్రశ్నలు అడగండి. ఒక ఆదివారం పొద్దు చాలు.

ఇది నాకు వస్తుందా?

స్త్రీశక్తి ఉచిత బస్సు 2025 ఆగస్టు 15న మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఐదు రకాల బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. అయితే మొదలుపెట్టినప్పుడు ఇచ్చిన నిబంధనల్లో అంతర్రాష్ట్ర సర్వీసులను, తిరుమల కొండకు పోయే సప్తగిరి బస్సులను పక్కన పెట్టారు. పలమనేరు నుంచి చిత్తూరుకు రోజూ వచ్చే ఉద్యోగినికి నెలనెలా చార్జీలు మిగిలాయి. చిత్తూరు నుంచి వేలూరు బస్సెక్కే నర్సుకూ, తిరుమలలో దుకాణంలో పనిచేసే అమ్మాయికీ ఆ బస్సుల్లో రూపాయి మిగల్లేదు. హామీ ఒకటే, ఎక్కే బస్సే వేరు.

ఆదాయపు పన్ను కడుతున్నారా, సొంత కారుందా, కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు దాటుతోందా? రెండు ప్రభుత్వాల్లోనూ చాలా పథకాల వడపోత ఇలాగే ఉంది. "అందరికీ" అని వినగానే మీ పేరు రాసేసుకోకండి.

ఇందులో వీళ్ల సొమ్మెంత?

2024లో టీడీపీ నేతృత్వంలోని కూటమి రైతుకు ఏటా 20,000 అంది. కేంద్రం పీఎం కిసాన్ కింద ఇచ్చే 6,000 అందులోదే. అంటే రాష్ట్రం వేసేది 14,000. వైసీపీ ప్రభుత్వం ఇచ్చిన రైతు భరోసా 13,500లోనూ అదే 6,000 ఉంది, రాష్ట్రానిది 7,500. పార్టీలను పోల్చాలంటే 14,000ను 7,500తో పోల్చాలి. పై అంకెల పోలిక పోస్టర్లకు.

ఎప్పటిలోగా?

పింఛన్ల విషయంలో 2024లో రెండు పక్షాలూ తేదీలు చెప్పాయి. వైసీపీ 3,500 చేస్తామంటూ 2028 జనవరిలో 250, 2029 జనవరిలో 250 పెంచుతామంది. కూటమి ఏప్రిల్ నుంచే లెక్కగట్టి 4,000 ఇస్తామంది. జులై 1న బకాయిలతో కలిపి 7,000 ఇచ్చింది. తేదీ ఉంది కాబట్టే సరిచూడగలిగాం.

ఇప్పుడు ప్రభుత్వ ఉద్యోగుల పింఛను పథకం సీపీఎస్ చూడండి. అధికారంలోకొచ్చిన వారంలో రద్దు చేస్తామని 2019 ప్రచారంలో వైసీపీ నేత జగన్ అన్నారు. రద్దు కాలేదు. బదులుగా 2023లో జీపీఎస్ అనే మరో పింఛను పథకానికి చట్టం వచ్చింది. గడువు చెప్పారు కాబట్టే ఉపాధ్యాయులు నిలదీయగలిగారు. అదే ప్రభుత్వం ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో విలీనం చేస్తామన్న మాట 2020 జనవరి 1 నాటికి నిలబెట్టుకుంది. 2024లో కూటమి సీపీఎస్, జీపీఎస్‌లను సమీక్షించి "ఆమోదయోగ్యమైన పరిష్కారం" చూస్తామంది. ఇలాంటి మాట తప్పిందని ఎప్పుడూ నిరూపించలేం. అందుకే నా సలహా: తేదీ, అంకె లేని హామీకి మార్కులు వేయకండి.

డబ్బెక్కడిది?

ఆడబిడ్డ నిధి కింద 18 నుంచి 59 ఏళ్ల మహిళకు నెలకు 1,500 అని కూటమి అంది. కోటి మంది అనుకుని గుణించండి, ఏడాదికి 18,000 కోట్లు. 2025-26 రాష్ట్ర బడ్జెట్ సుమారు 3.22 లక్షల కోట్లు. వంద రూపాయల్లో అయిదున్నర ఈ ఒక్కదానికే. జీతాలు, పెన్షన్లు, వడ్డీలు ముందే తీయాలి. ఇవ్వకూడదని కాదు, ఏది తగ్గించి ఇస్తారో చెప్పాలి. సుప్రీంకోర్టు 2013 తీర్పు తర్వాత ఎన్నికల సంఘం పెట్టిన మార్గదర్శకాలు కూడా నిధుల దారి చూపమనే అంటున్నాయి. గెలిచాక బడ్జెట్‌లో ఆ పథకం పేరుతో పద్దు ఉందా, లేదా చూడండి.

ఎలాంటి ఉద్యోగం?

కూటమి చెప్పినట్టు అయిదేళ్లలో 20 లక్షల ఉద్యోగాలంటే నెలకు 33 వేల పైచిలుకు. కూటమి ప్రభుత్వం తొలి సంతకం పెట్టిన మెగా డీఎస్సీలో టీచరు పోస్టులు 16,347. కాబట్టి మిగతావి దాదాపు అన్నీ ప్రైవేటులో రావాలి. వాటిలో పర్మనెంటు ఎన్ని, కాంట్రాక్టు ఎన్ని? శంకుస్థాపన ఫొటో చూసి మురిసిపోతే శ్రీకాళహస్తి దగ్గరి మన్నవరాన్ని గుర్తుచేసుకోండి. 2010 సెప్టెంబరులో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ఎన్టీపీసీ-భెల్ ప్రాజెక్టుకు రాయి వేశారు. అనుకున్న ఫ్యాక్టరీ మాత్రం రాలేదు.

మరో రెండు జాగ్రత్తలు. ప్రభుత్వ ఉద్యోగులైతే ఈ లెక్కలు ఇంట్లో వేసుకోండి, ప్రచారానికి దిగితే ప్రవర్తనా నియమావళి అడ్డొస్తుంది. ప్రైవేటు ఉద్యోగులకు, దినకూలీలకు పోలింగ్ రోజు జీతంతో సెలవు చట్టమిచ్చిన హక్కు. ఆ రోజు జీతం కోస్తామంటే ఊరుకోకండి.

కోసిన రెండు వేలు బడి నిర్వహణకని చెబితే అక్క కాసేపు ఆలోచించింది. "అట్లయితే మా బిడ్ల బళ్లో బాత్రూము బాగుండాల గదా? రేపు పోయి చూసొస్తా" అంది.