మూడో గది అవసరమా?

న్యూయార్క్‌లో అద్దె ఇల్లు వెతుక్కునే మనవాళ్లు నన్ను తరచూ అడిగే మాట ఒకటుంది. "ఒక్క బెడ్‌రూములో నలుగురం సర్దుకుంటున్నామండీ. పిల్లలకు అన్యాయం చేస్తున్నామా?" అడిగేటప్పుడు గొంతు సన్నగిల్లుతుంది.

చేయడం లేదు. మనలో చాలామందికి చిన్నప్పుడు సొంత గది అంటే ఏమిటో తెలియదు. హాల్లో వరసగా పక్కలు వేసుకుని పడుకున్నాం, బాగానే పెరిగాం. అయితే ఒక్క విషయం మరిచిపోకూడదు. అప్పుడు ఇల్లు చాలకపోతే వీధిలోకి పరిగెత్తేవాళ్లం. నాలుగో అంతస్తులో ఉన్న ఆరేళ్ల పిల్లకు ఆ వీధిని మనమే చూపించాలి. కాబట్టి ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు గదుల కొలతలు ఎంత శ్రద్ధగా చూస్తామో, గుమ్మం నుంచి పది నిమిషాల నడకలో ఏముందో అంత శ్రద్ధగా చూద్దాం. బడి, లైబ్రరీ, పార్కు, కూరగాయల కొట్టు. క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్‌లో 34వ అవెన్యూ ఉంది. 2020 నుంచి అక్కడ 26 బ్లాకుల పొడవునా పగటిపూట కార్లను ఆపి రోడ్డును నడిచేవాళ్లకు వదిలేస్తున్నారు. అలాంటి వీధి పక్కన రెండు గదులుంటే, ఆ పిల్లలకు అది చిన్న ఇల్లనిపించదు.

మూడో గది, అంటే రెండో బెడ్‌రూము, ఖరీదు అద్దెతో తీరదు. ఇక్కడ చాలామంది ఓనర్లు నెల అద్దెకు నలభై రెట్లు ఏడాది జీతం చూపించమంటారు. నెలకు 4,000 డాలర్లంటే, ఏడాదికి 1,60,000. ఆ లెక్క అందుకోవడానికి ఇద్దరిలో ఒకరు రాత్రి దాకా పనిచేస్తే, పిల్లవాడికి గది దొరుకుతుంది, సాయంత్రం నాన్న దొరకడు. ఈ మాట కష్టంగా ఉంటుందని తెలుసు. ఆ కష్టమంతా పిల్లల కోసమేననీ తెలుసు.

ఇంకో సంగతి, ఏటా ఇల్లు మారడం. ఓనరు పెట్టుకున్న బ్రోకరుకు మనం కమీషన్ ఇవ్వనక్కర్లేదని 2025 జూన్‌లో చట్టం అమల్లోకి వచ్చాక, వంద డాలర్లు తగ్గితే చాలు మారిపోదామనిపిస్తోంది. మనం సామాను సర్దుకుంటాం. పిల్లవాడు మాత్రం లిఫ్టులో పలకరించే అవ్వను, రోజూ తలనిమిరే కుక్కను, ఏ మెట్టు దగ్గర దూకాలో తెలిసిన తన ఒడుపును వదిలి వస్తాడు. వాటిని పెట్టెలో పెట్టలేడు, మనకు చెప్పనూ లేడు. అందుకే రెంట్ స్టెబిలైజ్డ్ ఇల్లు దొరికితే, ఒక గది తక్కువైనా సరే, నేను దానివైపే మొగ్గుతాను. 1974కు ముందు కట్టిన, ఆరు లేదా అంతకన్నా ఎక్కువ వాటాలున్న భవనాల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. అద్దె ఎంత దాకా పెంచవచ్చో ఏటా ఒక బోర్డు నిర్ణయిస్తుంది. లీజు అయిపోగానే పొమ్మనలేరు, మళ్లీ ఒకటో రెండో ఏళ్లకు రాసివ్వాలి.

ఇక నన్ను ఎక్కువగా బాధపెట్టేది చెబుతాను. చిన్న ఇంట్లో రాత్రి మాటలకు గోడలుండవు. "ఈ అద్దె ఎలా కడతాం, పిల్లలు లేకపోతే స్టూడియోలో ఉండేవాళ్లం" అని మనం నిట్టూరుస్తాం. దుప్పటి కింద ఉన్నవాడు సగమే వింటాడు. మిగతా సగం తానే పూరించుకుంటాడు, తానే ఆ ఖర్చునని. తర్వాత బూట్లు బిగుతైనా చెప్పడు. మనమేమో బుద్ధిమంతుడయ్యాడని మురిసిపోతాం. డబ్బు సంగతి దాచనక్కర్లేదు. "ఈ ఇంటికి మన డబ్బు సరిపోతుంది, బొమ్మలకు మాత్రం వచ్చే నెల దాకా ఆగుదాం" అని వాడి వయసుకు తగ్గట్టు చెబితే చాలు.

అలాగే రోజంతా "పరిగెత్తకు, కింద వాళ్లు గొడవ చేస్తారు" అంటుంటే, తన అడుగుల చప్పుడే తప్పని పిల్లకు అనిపిస్తుంది. మందపాటి తివాచీ వేద్దాం. నేలలో ఎనభై శాతం కప్పాలని ఇక్కడి లీజుల్లో చాలావాటిలో ఎలాగూ ఉంటుంది. పిల్లను వెంటబెట్టుకుని కింది వాళ్లను ఒకసారి పలకరించి వద్దాం. పేరూ ముఖమూ తెలిసిన పిల్ల అడుగులు అంత విసుగనిపించవు.

పిల్లలున్నారని ఓనరు దగ్గర దాచకండి. పిల్లలున్నారన్న కారణంతో ఇల్లు ఇవ్వననడం చట్టవిరుద్ధం. పైగా మూడు లేదా అంతకన్నా ఎక్కువ వాటాలున్న భవనంలో పదకొండేళ్లు నిండని పిల్లలు ఉంటే, కిటికీలకు రక్షణ కమ్మీలు బిగించడం ఓనరు బాధ్యత. మొహమాటపడకుండా అడుగుదాం. ఓనరు వచ్చినప్పుడల్లా పిల్లవాణ్ని చప్పుడు చేయకుండా కూర్చోబెడితే, ఇది తన ఇల్లు కాదని వాడు నమ్ముతాడు.

ఇంట్లో వాడిదంటూ ఒక చోటు ఇవ్వండి. మంచం కింద అర, కిటికీ పక్క గూడు, ఏదైనా సరే. అడగకుండా మనం కూడా దాన్ని సర్దకూడదు.

ఇల్లు చూడబోయే రోజు పిల్లల్ని కూడా తీసుకెళ్దాం. సబ్‌వే స్టేషన్ నుంచి గుమ్మం దాకా వాళ్ల నడకతోనే నడిచి, దారిలో ఏం చూశారో అడుగుదాం. నిర్ణయం మనదే, కానీ వాళ్ల జవాబు విన్నాకే లీజు మీద సంతకం పెడదాం.