యంత్రం అడిగిన డ్రైవరే వేయండి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్లు బిగిస్తూ నా వయసంతా గడిచింది. మదర్‌బోర్డు డబ్బాలో డ్రైవర్ సీడీ వచ్చిన రోజుల్లో ఆలోచించే పని ఉండేది కాదు. ఇప్పుడు కంపెనీ సైటు తెరిస్తే ఫైళ్లు బారులు తీరి ఉంటాయి. "అంకుల్, ఇవన్నీ వేయాలా?" అని పిల్లలు అడుగుతుంటారు. వద్దు. ఆ బోర్డు కొన్న అందరికీ కలిపి పెట్టిన జాబితా అది. అందులో మీ వంతు నాలుగైదు ఫైళ్లకు మించదు.

1. బోర్డు పేరు చివరి అక్షరం దాకా చదవండి. బీ650 అనేది చిప్‌సెట్ పేరు. దాని మీద ఒకే కంపెనీ ఎన్నో రకాల బోర్డులు అమ్ముతుంది. గిగాబైట్ బోర్డుల మీద రివిజన్ నంబరు కూడా అచ్చువేసి ఉంటుంది, అది మారితే లాన్ చిప్పు కూడా మారవచ్చు. కేబినెట్ మూసేశారా? విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బేస్‌బోర్డ్ ప్రాడక్ట్ వరుస చూడండి.

2. విండోస్ ఎక్కించక ముందే లాన్, వైఫై డ్రైవర్లు పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. విండోస్ 11 హోమ్ సెటప్ మధ్యలోనే ఇంటర్నెట్ అడుగుతుంది. బోర్డు మీది నెట్‌వర్క్ చిప్పును విండోస్ గుర్తుపట్టకపోతే పని అక్కడే ఆగిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టినా గట్టెక్కవచ్చు. ఇంటెల్ 11వ తరం నుంచి ఇంకో చిక్కుంది. బయాస్‌లో వీఎమ్‌డీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే సెటప్‌కు ఎస్‌ఎస్‌డీ కనిపించకపోవచ్చు. డిస్కు పోయిందని కంగారు పడకండి. ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను అన్‌జిప్ చేసి లోడ్ డ్రైవర్ దగ్గర చూపించండి. రెయిడ్ (డిస్కులను జతచేసి వాడటం) అవసరం లేనివాళ్లు ముందే వీఎమ్‌డీ ఆపేసుకోవచ్చు. విండోస్ ఎక్కాక ఆపితే మాత్రం అది బూట్ కాకపోవచ్చు.

3. తర్వాత విండోస్ అప్‌డేట్‌ను పూర్తిగా నడవనివ్వండి. రీస్టార్ట్ చేసి, అప్పుడు డివైస్ మేనేజర్ చూడండి. పసుపు గుర్తున్న వరుసలే మీ పని. పేరు తెలియని పీసీఐ పరికరమైతే ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ చదవండి. అందులోని కంపెనీ కోడ్ 8086 అంటే ఇంటెల్, 1022 ఏఎమ్‌డీ, 10ఈసీ రియల్‌టెక్, 14సీ3 మీడియాటెక్. ఈ నాలుగూ గుర్తుంటే ఊహించాల్సిన పని ఉండదు.

4. ఏఎమ్‌డీ బోర్డుకు చిప్‌సెట్ డ్రైవర్ తప్పకుండా వేయండి, అదీ ఏఎమ్‌డీ సైటు నుంచే. 2023లో వచ్చిన రైజెన్ 9 7950ఎక్స్3డీలో అదనపు క్యాష్ ఒక సగానికే ఉంటుంది. గేమును ఆ సగం మీద నడిపించేది ఈ డ్రైవర్‌తో వచ్చే భాగమే. ఇంటెల్ చిప్‌సెట్ ఫైలు ఎక్కువగా చేసేది పరికరాలకు సరైన పేర్లు పెట్టడమే. దాని తేదీ 18 జులై 1968 అని కనిపిస్తే పాతదనుకోకండి. అది ఇంటెల్ పుట్టినరోజు. వేరే ఏ డ్రైవర్ ఉన్నా దానికే ముందు చోటు దక్కాలని కావాలని వేసిన తేదీ. విండోస్ సొంత డ్రైవర్ల మీద 21 జూన్ 2006 ఉండటానికీ కారణం అదే.

5. తేదీలు చూపి భయపెట్టే "డ్రైవర్ అప్‌డేటర్" యాప్‌ల జోలికి అసలు పోవద్దు.

6. రెయిడ్ లేకపోతే రెయిడ్ డ్రైవర్ వద్దు. ఐ5-12400ఎఫ్ లాంటి ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ భాగమే పనిచేయదు, ఇంటెల్ గ్రాఫిక్స్ ఫైలు దేనికి? వైఫై కింద రెండు కంపెనీల ఫైళ్లుంటే మీ కార్డుదే తీసుకోండి. విడిగా గ్రాఫిక్స్ కార్డుంటే డ్రైవర్ ఎన్‌విడియా, ఏఎమ్‌డీ లేదా ఇంటెల్ సైటు నుంచి తెచ్చుకోండి.

7. కొన్ని బోర్డుల్లో మొదటిసారి విండోస్ తెరవగానే ఆర్మరీ క్రేట్ లాంటి బోర్డు కంపెనీ యాప్ వేయమంటూ ఒక పెట్టె వస్తుంది. బయాస్‌లో దాన్ని ఆపవచ్చు. లైట్ల రంగులు, ఫ్యాన్ల వేగం విండోస్‌లోంచి మార్చాలనుకునేవాళ్లకు ఆ యాప్ పనికొస్తుంది, మిగతావాళ్లకు అక్కర్లేదు. అక్కర్లేనివి వద్దని నేను ఇంత పట్టుబట్టేది డిస్కులో చోటు కోసం కాదు. డ్రైవర్ పనిచేసేది విండోస్ నడిగర్భంలో. గిగాబైట్ పాత డ్రైవర్ ఒకదానిలో 2018లో లోపం బయటపడింది. 2020లో రాబిన్‌హుడ్ రాన్సమ్‌వేర్ ముఠా అదే డ్రైవర్‌ను బాధితుల కంప్యూటర్లలోకి తెచ్చిపెట్టి, దాని బలంతో యాంటీవైరస్‌నే చంపేసింది. ఒక్క ఫైలుకు అంత అధికారం ఉంటుంది. అవసరం లేనిదానికి దాన్ని అప్పగించకూడదు.

8. బయాస్ అప్‌డేట్ డ్రైవర్ కాదు. కొత్త ప్రాసెసర్ కోసమో, భద్రతా లోపం సరిచేయడానికో అయితే చేయండి, యూపీఎస్ ఉన్నప్పుడే చేయండి.

9. వేసిన ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో, బోర్డు పేరుతో దాచండి. ఇంకొకరికి సిస్టమ్ బిగించి ఇస్తుంటే ఆ ఫోల్డర్ ఉన్న పెన్‌డ్రైవ్ కూడా వాళ్ల చేతికివ్వండి. రేపు విండోస్ మళ్లీ వేయాల్సి వస్తే వాళ్లకు అదే దారి.